మౌసు ఎవరి చేతిలో?

"ఇలా ఇవ్వండి మేడం, నేను చేసిపెడతాను." టీచర్లకు కంప్యూటర్ శిక్షణ జరిగే ఏ గదిలోనైనా పది నిమిషాలు కూర్చుంటే ఈ మాట వినపడుతుంది. అన్నవాళ్ల మనసులో సాయపడాలన్న ఆలోచన తప్ప ఇంకేమీ ఉండదు. పెద్దావిడ తడబడుతోంది, వెనక వరసలో మరో ఇద్దరు చెయ్యెత్తి పిలుస్తున్నారు, టీకి టైమవుతోంది. రిసోర్స్ పర్సన్‌గా వచ్చిన కుర్రాడు వంగి మౌసు అందుకుంటాడు. టకటకా నొక్కుతాడు. తెరమీద బొమ్మ ఉండాల్సిన చోట కుదురుకుంటుంది. "చూశారా, ఇంతే" అంటాడు. ఆవిడ నవ్వి తలూపుతుంది. నిజానికి ఆవిడకు కనపడింది తెరమీద ఒక బాణం గుర్తు అటూ ఇటూ పరుగెత్తడమే. మర్నాడు బడిలో ఆ పనే మళ్లీ పడితే మొదలెక్కడో ఆవిడకు తెలియదు.

ప్రజెంటేషన్ సాఫ్ట్‌వేర్ మన బడుల్లోకి వచ్చిన తీరంతా ఆ చిన్న ఘటనలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పనులతోపాటు హైస్కూలు గదుల్లోకి ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు (ఐఎఫ్‌పీలు) వచ్చాయి. గోడకు బిగించిన ఆ పెద్ద తెరమీద వేలితో రాయొచ్చు, వీడియో వేయొచ్చు, స్లైడ్లు చూపించొచ్చు. తెలంగాణలోనూ ప్రొజెక్టర్లతో, తెరలతో డిజిటల్ తరగతులు నడుస్తున్నాయి. తెరైతే వచ్చింది. దానిమీద పడే పాఠం మాత్రం చాలావరకు బయటినుంచే వస్తోంది. సబ్జెక్టు టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన పీపీటీ జిల్లా అంతా తిరుగుతుంది. ఎవరు చేశారో, ఏ ఊరి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేశారో తెలియదు. తెరిచి, ఒక్కో స్లైడూ చదువుకుంటూ పోతే పీరియడ్ అయిపోతుంది. ఇందుకు టీచర్లను నిందించడం అన్యాయం. హాజరు యాప్‌లో వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కించాలి, ఈలోపు మరో ఫార్మాట్ అడుగుతూ ఫోన్ వస్తుంది. సిద్ధంగా దొరికింది వాడుకోక ఏం చేస్తారు? అయినా ఈ పనిముట్టు అసలు ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

1984లో కాలిఫోర్నియాలోని ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్ రెండు పేజీల ప్రతిపాదన ఒకటి రాశారు. ఆ రోజుల్లో ఆఫీసు సమావేశంలో ఎవరైనా బొమ్మలు, పట్టికలు చూపిస్తూ మాట్లాడాలంటే వాటిని టైపిస్టో, గ్రాఫిక్స్ విభాగమో తయారుచేసి ఇవ్వాలి. ఒక్క అంకె మారినా మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి. మాట్లాడే మనిషే తన పేజీలు తానే చేసుకునేలా ఉండాలన్నది గాస్కిన్స్ ఆలోచన. డెన్నిస్ ఆస్టిన్ దాన్ని ప్రోగ్రాముగా మలిచే పనికి పూనుకున్నారు. మొదట అనుకున్న 'ప్రెజెంటర్' అనే పేరు ట్రేడ్‌మార్కు చిక్కువల్ల పోయి, 1987 ఏప్రిల్‌లో అది పవర్‌పాయింట్‌గా మెకింటాష్ కంప్యూటర్ల మీదికి వచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 1.4 కోట్ల డాలర్లకు కొంది. తొలి పవర్‌పాయింట్‌లో రంగుల్లేవు. నలుపు తెలుపు పేజీలు ప్రింటు తీసి, పారదర్శక షీట్ల మీదికి ఎక్కించి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టుకోవాలి. డైట్‌లోనో బీఈడీ కాలేజీలోనో ఓహెచ్‌పీ షీట్ల మీద స్కెచ్ పెన్నుతో రాసిన తరానికి ఆ యంత్రం వేడి, దాని ఫ్యాను రొద బాగా గుర్తుండే ఉంటాయి.

చెప్పే మనిషికీ, చూపించే పేజీకీ మధ్య ఇంకొకరు ఉండకూడదని పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. మన దగ్గర ఆ మధ్యమనిషి మళ్లీ వచ్చి కూర్చున్నాడు. టీచరుకు వాట్సాప్ గ్రూపు, పిల్లలకు నెట్ సెంటర్. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల కోసం ప్రాజెక్టు తెమ్మంటే పిల్లవాడు ఇరవై రూపాయల నోటు పట్టుకుని నెట్ సెంటర్‌కు పోతాడు. "అన్నా, నీటి కాలుష్యం ఒకటి తీసివ్వు" అంటాడు. ఆ అన్న నిన్న వేరే బడి పిల్లవాడికి తీసిచ్చిందే మళ్లీ తీస్తాడు. రంగుల అట్ట వేసి, స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తాడు. తమ ఊరి కాలువలో ఏ గట్టున చెత్త పోస్తున్నారో పిల్లవాడికి కళ్లతో చూసి తెలుసు. ఆ సంగతి ప్రాజెక్టులో ఒక్క ముక్క కూడా ఉండదు. నష్టం అక్కడే జరుగుతోంది.

కాబట్టి కొత్తవాళ్లకు, టీచర్లయినా పిల్లలైనా, నేర్పాల్సిన మొదటి సంగతి సొంతంగా నాలుగు స్లైడ్లు చేసుకుని వాటి పక్కన నిలబడి మాట్లాడటం. మొదటి మెట్టు ఇదే అయితే మిగతా మీటలన్నీ అవసరాన్ని బట్టి వచ్చి చేరతాయి. మన శిక్షణలు మాత్రం మెనూ దగ్గర మొదలవుతాయి. హోమ్ ట్యాబ్, ఇన్సర్ట్ ట్యాబ్, డిజైన్ ట్యాబ్ అని వరసగా అప్పజెప్పి, మూడో గంటకు యానిమేషన్‌కి వస్తాయి. అక్షరాలు గిరగిరా తిరుగుతూ వచ్చి పడుతుంటే గదిలో నవ్వులు మొదలవుతాయి, శిక్షణ బాగా జరిగినట్టే అనిపిస్తుంది. ఇంటికి వెళ్లేసరికి గుర్తుండేది ఆ గిరగిరలే.

కంప్యూటర్ తెరవకముందు తెల్లకాగితం తీసుకోవాలి. నాలుగు మడతలు వేస్తే నాలుగు గడులు. ఒక్కో గడిలో ఒక బొమ్మ, ఒక వాక్యం. పెన్సిలుతో, పిచ్చిగీతలైనా సరే. తను ఏం చెప్పాలనుకుంటున్నారో ఆ గడుల దగ్గరే తేలిపోతుంది. కాగితం మీద తేలనిది తెరమీద అసలే తేలదు. పది కంప్యూటర్లూ నలభై మంది పిల్లలూ ఉన్న గదిలో, అందులోనూ మూడు కంప్యూటర్లు పనిచేయనప్పుడు, కాగితం పని మరీ అక్కరకొస్తుంది. తమ వంతు వచ్చేదాకా ఎవరూ ఊరికే కూర్చోనక్కర్లేదు. వంతు వచ్చాక ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చోవాలి. ఒకరు చెప్పాలి, ఒకరు చేయాలి. పావుగంటకు కుర్చీలు మారాలి. నేర్పేవారు చేతులు వెనక్కి కట్టుకుని, నోటితోనే దారి చెప్పాలి. "పైన కుడివైపు చూడమ్మా, బొమ్మ గుర్తు కనపడుతోందా, దాన్ని నొక్కు." ఆలస్యమవుతుంది. అవనివ్వాలి. తన చేత్తో తప్పు నొక్కి, కంట్రోల్-జెడ్‌తో వెనక్కి వచ్చిన మనిషికి కంప్యూటర్ అంటే భయం సగం పోతుంది. ఆ ఒక్క మీటను తొలి అరగంటలోనే నేర్పితే ఎంతో మేలు.

గడిలో వాక్యం రాయమనడానికి బలమైన కారణం ఉంది. కొత్త స్లైడు తెరవగానే పైన శీర్షికకు ఒక పెట్టె, కింద చుక్కల వరసకు ఒక పెట్టె సిద్ధంగా కనపడతాయి. కొత్తవాళ్లు ఆ పెట్టెలు తమను ఏం అడిగితే అది ఇస్తారు. పైన 'జలచక్రం' అని రాసి, కింద 'బాష్పీభవనం', 'సాంద్రీకరణ', 'అవపాతం' అని మూడు చుక్కలు పెడతారు. ఇందులో ఎవరు ఏం చెప్పినట్టు? అదే పైన "మన చెరువులో ఎండిన నీరు ఎక్కడికీ పోదు, మబ్బవుతుంది" అని రాస్తే చెప్పాల్సిన సంగతి పట్టుకున్నట్టే. కింద చుక్కలతో పనిలేదు, చెరువు బొమ్మ ఒకటి చాలు.

చుక్కల్లో పెట్టిన తెగిన మాటలు ఎంత దూరం పోగలవో చెప్పే ఉదాహరణ మనకు దగ్గరదే. 2003 జనవరిలో కల్పనా చావ్లా ఉన్న కొలంబియా వ్యోమనౌక పైకి లేచినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను అంచనా వేసి స్లైడ్ల రూపంలో అధికారులకు అందించారు. అందులో ఒక స్లైడు శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. అట్టడుగున, చుక్కల కింద చుక్కల్లో, అసలు విషయం ఉంది: ఊడిన ముక్క అంచనా పరిమాణం 1920 ఘనపు అంగుళాలు, అంతకుముందు పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. అంటే ఆ పరీక్షలను నమ్ముకుని ఈ దెబ్బ గురించి ఏమీ చెప్పలేరు. ఫిబ్రవరి 1న నౌక ఏడుగురితో సహా ఆకాశంలోనే ముక్కలైంది. ప్రమాదానికి కారణం స్లైడు కాదు. కానీ ఆ స్లైడు చదివిన పెద్ద అధికారికి అది ప్రాణాలమీదికొచ్చే సంగతి అని తట్టకపోవచ్చని, సాంకేతిక నివేదికల స్థానంలోకి స్లైడ్లు రావడం మంచిది కాదని ఆగస్టులో వచ్చిన దర్యాప్తు బోర్డు నివేదిక రాసింది. స్లైడ్ల తీరును ఎండగట్టిన ఎడ్వర్డ్ టఫ్టీ విశ్లేషణను కూడా అందులో చేర్చింది. కల్పనా చావ్లా పాఠం చెప్పుకునే మన తరగతి గదుల్లో ఈ సంగతీ చెప్పుకోవాలి. ముఖ్యమైనది పైన, పూర్తి వాక్యంలో, చదివినవాళ్లకు ఒక్కసారికే అర్థమయ్యేలా రాయాలని ఎనిమిదో తరగతి పిల్లకు నేర్పితే ఆ అలవాటు జన్మంతా ఉంటుంది.

ఇక తెలుగు రాయడం. కొత్తవాళ్లను వెనక్కి లాగేది ఎక్కువగా ఇదే. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. అయినా ఇప్పటికీ పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు బడుల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఇంట్లో చక్కగా కనపడ్డ పాఠం బడి కంప్యూటర్లో పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటే ఆ టీచరు పిల్లల ముందు పడే ఇబ్బంది మామూలుది కాదు. ఆ దెబ్బతో మళ్లీ స్లైడ్ల జోలికి రానివాళ్లున్నారు. విరుగుడు వాళ్ల చేతిలోనే ఉంది. కంప్యూటర్ కీబోర్డు మీద ఒక్క తెలుగు మాట కొట్టలేమనే టీచర్లే ఫోన్లో పేజీలకు పేజీలు తెలుగులో రాస్తారు. కొందరు నోటితో చెప్పి రాయిస్తారు. ఫోన్లో రాసింది అంతా యూనికోడే. దాన్ని మెయిల్లోనో వాట్సాప్ వెబ్‌లోనో కంప్యూటర్లోకి తెచ్చుకుని స్లైడులో అతికిస్తే సరి. తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి నడిపించమని బీఈడీలో చదువుకున్న సూత్రమే ఇది.

అక్షరాల సైజు దగ్గర ఇంకో తిరకాసు ఉంది, కొత్తవాళ్ల కంట పడదు. స్లైడులోని పెట్టె నిండిపోతున్న కొద్దీ సాఫ్ట్‌వేర్ తనంతట తానే అక్షరాలను చిన్నవి చేసి ఇరికిస్తుంది. రాసేవారు తెర దగ్గరే ఉంటారు కాబట్టి వాళ్లకు బాగానే కనపడుతుంది. వెనక బెంచీ పిల్లవాడికి చీమలు పాకినట్టు ఉంటుంది. పైగా ఇంగ్లిష్ అక్షరాలతో పోలిస్తే మన అక్షరాలకు పైనా కిందా హంగు ఎక్కువ. పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుకుంటాయి. 'రాష్ట్రం' కింద 'కీర్తి' పడితే రెండూ కలిసి మరో ఆకారమవుతాయి. వరసల మధ్య ఎడం పెంచాలి, మాటలు తగ్గించాలి. చేసినవాళ్లే లేచి వెనక బెంచీలో కూర్చుని తమ స్లైడు తామే చదువుకోవాలి. శిక్షణలో ఈ పనికి ఐదు నిమిషాలు పట్టదు, కానీ ఏ శిక్షణ షెడ్యూలులోనూ ఇది ఉండదు.

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మాస్టార్లు చాలామంది ఈ శిక్షణల్లో వెనక వరసలో సర్దుకుంటారు. "మా వల్ల ఎక్కడవుతుంది సార్, కుర్రాళ్లు చూసుకుంటారు" అంటారు. వాళ్లలో ఒకరు సుద్దముక్కతో నల్లబల్ల మీద గుండె బొమ్మ వేస్తే తరగతంతా నోట్సులో దించుకునేది. నాలుగు గదులూ, కవాటాలూ, మంచి రక్తానికి ఎర్ర సుద్ద, చెడు రక్తానికి నీలం సుద్ద. ఆ బొమ్మ గంట కాగానే చెరిగిపోయేది. అలాంటి మాస్టారికి స్లైడులో గీతలు గీయడం నేర్పబోతే విసుగే మిగులుతుంది. బల్లమీద ఆయన ఎప్పట్లాగే వేయాలి. గది వేసినప్పుడు ఒకటి, కవాటం వేసినప్పుడు ఒకటి, రక్తనాళాలు వేశాక ఒకటి, రంగు అద్దాక ఒకటి, ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి నాలుగు స్లైడ్లలో పెట్టాలి. తెరమీద బొమ్మ అంచెలంచెలుగా పెరుగుతుంది. కొన్న చిత్రంలో లేని చేతివాటం అందులో ఉంటుంది. పిల్లలకు అది తమ మాస్టారి బొమ్మ. ఆయనకు ఈ సాఫ్ట్‌వేర్ మీద ఉన్న బెరుకు ఆ ఒక్క పాఠంతోనే తీరుతుంది.

మంచి స్లైడు చేసుకున్నాక కూడా ఒక ప్రమాదం ఉంటుంది. టీచరు తెరవైపు తిరిగి చదవడం మొదలుపెడతారు, పిల్లలు తెరనే చూస్తారు, ఇద్దరి చూపులూ కలవవు. తెరమీద ఉన్న వాక్యాలనే పైకి చదివితే నేర్చుకోవడానికి మేలు కంటే అడ్డే ఎక్కువని రిచర్డ్ మేయర్ వంటి విద్యా మనస్తత్వవేత్తలు ప్రయోగాలు చేసి చెప్పారు. చెవికి వినపడేదీ కంటికి కనపడేదీ అవే మాటలైతే, బొమ్మ మీద పెట్టాల్సిన దృష్టి చీలిపోతుంది. దీనికి చిన్న ఉపాయం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. స్లైడ్‌షో నడుస్తుండగా కీబోర్డు మీద 'బి' అక్షరం నొక్కితే తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే వెలుగుతుంది. పవర్‌పాయింట్‌లోనూ, డబ్బు కట్టక్కర్లేని లిబ్రె ఆఫీస్ ఇంప్రెస్‌లోనూ ఇది పనిచేస్తుంది. తెర నల్లబడగానే పిల్లల తలలన్నీ టీచరు వైపు తిరుగుతాయి. అప్పుడు ప్రశ్న అడగాలి. యానిమేషన్ల జాబితా కంటే ఈ ఒక్క మీటను ముందు నేర్పాలి.

ఇవేవీ కొత్త సంగతులు కావు. 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, టీచర్ల నోట ఏపీపీఈపీ, ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. టీచర్లు అక్కడ కలిసి కూర్చుని తమ పాఠానికి కావలసిన సామగ్రి తామే చేసుకునేవారు. ఆ పథకం చెప్పిన సూత్రాల్లో పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించడం ఒకటి. దారాలు కట్టి వాటికి వేలాడదీసిన పిల్లల బొమ్మలు చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పథకం ముగిసింది, చాలాచోట్ల ఆ అలవాటూ పోయింది. గోడమీది తెర ఆ దారానికి ఈనాటి రూపం కాగలదు. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకాన్ని మొదలుపెట్టి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను బడుల్లోకి తెచ్చింది. అక్కడ టీచర్లకు నేర్పే మాస్టర్ ట్రైనర్లు తోటి టీచర్లే. తరగతిలో నలభై మంది ఉంటే ఎలా ఉంటుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు, మాట్లాడేది మలయాళంలో. 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు కూడా నడుపుతోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. వాటిలో సర్క్యులర్లు చదివే సమయంలోంచి అరగంట తీసి, ఒక్కో నెల ఇద్దరు టీచర్లు తాము చేసిన నాలుగు స్లైడ్లు చూపించి, ఎక్కడ చిక్కుకున్నారో చెప్పుకుంటే చాలు. ఇందుకు కొత్త పద్దు అక్కర్లేదు.

పిల్లల ప్రాజెక్టుల విషయంలోనూ ఇదే కోరుతున్నాం. స్పైరల్ బైండింగ్ పుస్తకానికి ఇచ్చే మార్కులు సొంత స్లైడ్లకు ఇవ్వాలి. ఇంటి దగ్గర ఫోన్లో తీసిన ఫొటో, తన మాటల్లో ఒక వాక్యం, అలాంటివి నాలుగు. ఊరి కాలువ కావచ్చు, నాన్న నేసే మగ్గం కావచ్చు, అమ్మమ్మ విత్తనాలు దాచే బూడిద కుండ కావచ్చు. అక్షరదోషాలుంటే ఉండనివ్వండి, తర్వాత దిద్దుకోవచ్చు. పిల్ల ముందుకొచ్చి మూడు నిమిషాలు మాట్లాడాలి, తరగతి రెండు ప్రశ్నలు అడగాలి. రోజుకు ఇద్దరి చొప్పున పెట్టుకుంటే నలభై మంది తరగతికి ఇరవై పనిదినాలు చాలు. ఇంట్లో ఫోన్ లేని పిల్లలకు బడి ట్యాబో, టీచరు ఫోనో ఇవ్వాలి. లేదంటే కాగితం మీది నాలుగు గడులనే ఫొటో తీసి తెరమీద వేసినా సరిపోతుంది. మార్కులు ఆ మూడు నిమిషాలకూ, రెండు జవాబులకూ మాత్రమే వేయాలి. ఎఫ్‌ఏ మార్గదర్శకాలు రాసే అధికారులు వచ్చే విద్యా సంవత్సరానికి ఈ వెసులుబాటు కల్పిస్తూ స్పష్టంగా ఒక పేరా చేర్చాలి.